కాదనగలిగిన కెమేరా

గత మాసంలో నా పూర్వవిద్యార్థి ఒకడు నన్ను చూడవచ్చాడు. ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. కుశలప్రశ్నలు అయిన పిమ్మట జేబులోనుంచి ఫోను తీసి, అందులో ఒక బొమ్మ చూపించి, "మాస్టారూ, ఈ కెమేరా కొందామనుకుంటున్నాను. పాతది. రీలు వేసి తీసేది. నమ్మవచ్చునంటారా?" అని అడిగాడు. చేతిలో ఒక కెమేరా పట్టుకొని మరొక కెమేరాను గురించి అడుగుతున్నాడే అని నాకు నవ్వు వచ్చిన మాట నిజం. అయినా నవ్వలేదు. కటకాల పాఠం చెప్పేటప్పుడు అట్టపెట్టెతో సూదిబెజ్జపు కెమేరా చేయించే అలవాటు నాకుండేది. ఆ యేడు తరగతిలో అందరికంటె ముందు కొవ్వొత్తి మంటను నూనెకాగితంమీద తలక్రిందులుగా పట్టినవాడు వీడే.

బొమ్మలో ఉన్నది కాంటాక్స్ టీ2. 1990లో జపానునుంచి వెలువడింది. టైటానియం తొడుగు, కార్ల్ జైస్ పేరు గల సోనార్ లెన్సు, దూరాన్ని తానే చూసుకొనే యంత్రాంగం. ధర లక్ష రూపాయలకు దరిదాపుగా చెబుతున్నారట. అంత డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. సెలవులలో ఏదో పని చేసి కూడబెట్టుకుంటున్నానని వాడే చెప్పాడు. అందుచేతనే వాని ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పివేయడం భావ్యం కాదనిపించింది. "ఒక గంట కూర్చో నాయనా, నీకొకటి చూపిస్తాను" అని బీరువా తెరిచాను. ఆ గంటలో వానితో చెప్పినదీ, వాడు వెళ్ళిన తరువాత నాకు తోచినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

పాతకాలపు చిన్న కెమేరాలను మెచ్చుకొనేవారు సాధారణంగా చెప్పే మొదటి మాట, అవి గట్టివి అని. ఆ రోజుల్లో సరుకు అట్లా చేసేవారండీ అంటారు. ఇది సగం నిజం. ఏబది అరువది ఏండ్ల క్రిందటి కెమేరా ఒకటి నేడు మన చేతిలో పనిచేస్తున్నదంటే, దానితోపాటు పుట్టి ఎప్పుడో మూలబడి, పాతసామాన్లవానికి తూకానికి వెళ్ళిపోయినవాటిని మనం లెక్కలో వేయడం లేదు. తొంబది ఏండ్ల తాతగారిని చూసి వెనుకటి తరంవారందరూ దీర్ఘాయుష్మంతులే అనుకోవడం వంటిది ఇది. మిగిలినదానిని చూసి మొత్తాన్ని గురించి తీర్పు చెప్పరాదని గణితోపాధ్యాయులు పిల్లలకు ఈ ఉదాహరణతో చెప్పవచ్చు. కనుక గట్టితనం అన్న మాటను కాసేపు ప్రక్కన పెట్టి, మరొక ప్రశ్న వేసుకుందాం. ఒక పనిముట్టును నమ్మడమంటే ఏమిటి?

ఆ ప్రశ్నకు ముందు ఈ చిన్న కెమేరాల పుట్టుక రెండు మాటల్లో చెప్పుకోవలె. జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్ళో లైట్స్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మునే చిన్న పెట్టెలో అడ్డంగా నడిపించి, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల బొమ్మలు తీయవచ్చునని చూపించాడు. అది 1925లో లైకా అన్న పేరుతో లైప్‌జిగ్ సంతకు వచ్చింది. జేబులో పట్టే మంచి కెమేరా అన్న ఊహకు అదే మొదలని చెప్పవచ్చు. అయితే లైకా ధనవంతుల సొమ్ము. సామాన్యుని జేబుకు, అనగా జేబులోని డబ్బుకు కూడా, సరిపడే కెమేరా కోసం మరి మూడు దశాబ్దాలు పట్టింది.

ఆ పని తలకెత్తుకున్నవారిలో ముఖ్యుడు జపానులోని ఒలింపస్ సంస్థలో పనిచేసిన యోషిహిసా మైతానీ. 1933లో పుట్టి 2009లో చనిపోయిన ఈయనకు చిన్ననాటినుంచీ లైకా అంటే ప్రాణం. ఆరువేల యెన్‌లకు అమ్మదగిన కెమేరా చేయవలెనని ఆయన పట్టుబట్టాడు. అప్పటికి వారి కెమేరాలలో చవుకవి కూడా దానికి ఎన్నోరెట్లు పలుకుతుండేవి. ఆయన చేసిన ఉపాయం, నా దృష్టిలో, గొప్ప సంసారపక్షపు ఉపాయం. ముందుగా లెన్సు దగ్గర లోభించకూడదనుకున్నాడు. చేతిలోని డబ్బులో పెద్ద భాగం దానికే పెట్టి, మిగిలినదానితో తక్కిన కెమేరా ఎట్లా చేయాలా అని ఆలోచించాడు. ఆ విధంగా 1959లో వచ్చినదే పెన్ అనే కెమేరా. కలంవలె జేబులో పెట్టుకొని తిరగవచ్చునని ఆ పేరు. ఒక్కొక్క బొమ్మకు సగం చోటే వాడేది కనుక 36 బొమ్మల రీలుమీద 72 బొమ్మలు వచ్చేవి. రీలు కొనడమే భారమైన ఇండ్లలో ఇది ఎంతటి ఉపకారమో వేరే చెప్పనక్కరలేదు.

బీరువాలోనుంచి నేను తీసినది ఈ పెన్ వంశంలోనిదే. పేరు ఒలింపస్ ట్రిప్ 35. 1967నుంచి 1984వరకూ పదిహేడేండ్లు తయారయింది. పేరును బట్టే తెలుస్తున్నది, ప్రయాణాలకు పోయేవారికోసం చేసినదని. మా చిన్నాన్న విశాఖపట్నంనుంచి ఓడ ఉద్యోగానికి వెళ్ళినవాడు. 1974లో సెలవుకు వస్తూ ఏదో రేవులో కొని మా నాన్నగారికి తెచ్చి ఇచ్చాడు. మా నాన్నగారు బ్రాంచి పోస్టుమాస్టరు. అంతవరకూ మా ఊళ్ళో కెమేరా అంటే బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ 3 ఒక్కటే, అదీ రైసుమిల్లు వారింట్లో. పన్నెండు చదరపు బొమ్మలు తీసేది. ఎండలో దానికి తిరుగు లేదు. మబ్బు పట్టినా, ఇంట్లోకి వెళ్ళినా అది మీట నొక్కించుకొనేది. రీలు కడిగించిన తరువాతగాని ఏమీ రాలేదని తెలిసేది కాదు.

ట్రిప్ 35 సంగతి వేరు. విద్యార్థులు కాస్త ఓపిక పట్టి వినవలె, దీని పనితీరు మీ భౌతికశాస్త్ర పుస్తకాలలోనిదే. లెన్సు చుట్టూ తేనెపట్టు గదులవంటి బుడిపెలతో ఒక గాజురంగు వలయం ఉంటుంది. దాని వెనుక సెలీనియం పూత గల పలక ఒకటి దాగి ఉన్నది. సెలీనియం 1817లో బెర్సీలియస్ కనుగొన్న మూలకం. గ్రీకుభాషలో చంద్రుని పేరు దానికి పెట్టారు. చంద్రుని పేరు పెట్టుకున్న ఈ పదార్థం వెలుతురు సోకితే స్వల్పంగా విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు కెమేరా లోపల ఒక సన్నని ముల్లును కదుపుతుంది. వెలుతురు ఎక్కువైతే ముల్లు ఎక్కువ జరుగుతుంది, తక్కువైతే తక్కువ. మనం మీటను సగం నొక్కేసరికి ఒక మెట్లమెట్ల రేకు వచ్చి ఆ ముల్లును ఉన్నచోటనే పట్టివేస్తుంది. ముల్లు ఏ మెట్టు దగ్గర చిక్కిందో దానినిబట్టి లెన్సు రంధ్రం ఎంత తెరవాలో, షట్టరు సెకనులో 40వ వంతు తెరవాలో 200వ వంతు తెరవాలో నిశ్చయమవుతుంది. షట్టరుకు ఈ రెండే వేగాలు. ఇంత జరగడానికి బ్యాటరీ అక్కరలేదు. తీయబోయే దృశ్యంలోని వెలుతురే తనను కొలవడానికి కావలసిన శక్తిని తానే ఇస్తున్నదన్నమాట.

మరి వెలుతురు చాలకపోతే? ముల్లు కదలదు. అప్పుడు మీట నొక్కితే, మనం చూసే అద్దంలో క్రిందినుంచి ఒక ఎర్రని నాలుక లేస్తుంది. మీట బిగుసుకొని పోతుంది. షట్టరు తెరుచుకోదు. ఫిల్ము వృథా కాదు. కెమేరా మనతో, ఇది నా వల్ల కాదు అంటున్నది.

ఈ ఎర్రని నాలుకను గురించే నేనీ వ్యాసం వ్రాస్తున్నానంటే అతిశయోక్తి కాదు.

1976 సంక్రాంతికి మా యింట బంధువులందరూ చేరారు. మా నాయనమ్మకు అప్పటికి ఎనభై ఏండ్లు పైబడ్డాయి. ఫొటో దిగితే ఆయుర్దాయం తగ్గుతుందని ఆమె నమ్మకం. అందుచేత అంతవరకూ ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ పండుగనాడు ఆమె నడిమింట్లో నులకమంచంమీద కూర్చుని ఉండగా, మా నాన్నగారు ఆమెకు తెలియకుండా తీయవలెనని కెమేరా ఎక్కుపెట్టారు. పాత మట్టిమిద్దె. ఒకటే కిటికీ. మీట నొక్కారు. కదలలేదు. మళ్ళీ నొక్కారు. "ఇదేమిట్రా, ఒద్దంటున్నది" అని పైకే అన్నారు. నాయనమ్మ వినేసింది. కోపగిస్తుందని అందరం బిగుసుకుపోయాం. ఆమె ఒక్క క్షణం ఊరుకొని, "అది కూడా ఒద్దంటున్నదా? దానికి నామీద అంత దయ ఎందుకూ?" అన్నది. చేతికర్ర తీసుకొని తానే లేచి, పంచలోకి నడిచి, స్తంభం ప్రక్కన నిలబడి, "ఇక్కడైతే ఒప్పుకుంటుందేమో చూడు" అన్నది. పంచలో ఒప్పుకున్నది.

ఆ వానకాలంలోనే ఆమె పోయింది. కెమేరావల్లనే అన్నవారు కూడా మా బంధువులలో ఉన్నారు, వారి సంగతి అట్లా ఉంచుదాం. ఆ ఫొటో ఇప్పటికీ మా యింట్లో ఉన్నది. దొంగతనంగా తీసిన ఫొటో కాదది, ఆమె నడిచివచ్చి దిగిన ఫొటో. నడిమింట్లో ఏ విధంగానో మీట పడి ఉంటే మాకు మిగిలేది ఒక నల్లని చదరం.

ఇంతవరకూ విన్న మా పిల్లవాడు, "అయితే మాస్టారూ, ఇది పూర్తిగా నమ్మదగినదే" అన్నాడు. అప్పుడు ఆ ఫొటో తెప్పించి చూపించాను. చదువరులకు కూడా ఆ ఫొటోలోని లోపం చెప్పవలె, లేకపోతే నేను కెమేరా అమ్మేవానివలె మాట్లాడినవాడనవుతాను. ఫొటోలో మా నాయనమ్మ ముఖం స్పష్టంగా లేదు. కాస్త అలుక్కుపోయినట్లు ఉన్నది. ఆమె వెనుక నడవాకిలి గడపమీది బొట్లు మాత్రం లెక్కపెట్టవచ్చు. పదకొండు.

కారణం ఇది. ట్రిప్ కెమేరాకు వెలుతురును కొలిచే కన్ను ఉన్నదిగాని దూరాన్ని కొలిచే కన్ను లేదు. లెన్సు వలయంమీద నాలుగు బొమ్మలు చెక్కి ఉంటాయి. ఒక తల, ఇద్దరు మనుషులు, ఒక గుంపు, ఒక కొండ. ఎదుట ఉన్నది ఎంత దూరంలో ఉన్నదో మనం అంచనా వేసుకొని ఆ బొమ్మకు వలయాన్ని త్రిప్పాలి. అంతకుముందే మా నాన్నగారు మనుమలందరినీ అరుగుమీద నిలబెట్టి ఒక ఫొటో తీశారు. అప్పుడు గుంపు బొమ్మకు పెట్టిన వలయం అట్లాగే ఉండిపోయింది. నాయనమ్మ ఆయనకు బాగా దగ్గరగా నిలబడింది. వెలుతురు మరీ ఎక్కువ లేని పంచలో లెన్సు రంధ్రం పెద్దదిగా తెరుచుకొని ఉంటుంది గనుక, పొరపాటును కప్పిపుచ్చుకొనే వీలు తగ్గింది. బయట ఎండలో అయితే రంధ్రం చిన్నదై, ఈ అంచనా కొంత తప్పినా ఫొటో చెడిపోకపోను. చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు దగ్గరా దూరమూ రెండింటినీ ఓర్చుకుంటుంది. మన సూదిబెజ్జపు పెట్టెలో అన్నీ ఒకే తీరున కనిపించడానికి కారణం అదే గదా.

పోనీ కెమేరా హెచ్చరించలేదా అంటే, హెచ్చరించింది. చూసే అద్దం అడుగున చిన్న గవాక్షం ఒకటి ఉంటుంది. వలయం ఏ బొమ్మమీద ఉన్నదో అందులో కనిపిస్తుంది. మా నాన్నగారు చూపు ఒకింత క్రిందికి దించి ఉంటే గుంపు బొమ్మ కనబడి ఉండేది. ఆయన తన తల్లి ముఖం చూస్తున్నారు. తప్పు పట్టగలమా?

నమ్మదగినతనం అన్న మాటకు నాకు తోచిన అర్థం ఈ ఒక్క ఫొటోలో ఉన్నది. ఈ పరికరం తాను చేయగల పని ఏదో తెలిసినది. చేయలేనప్పుడు చేయలేనని అడ్డుపడుతుంది. తనది కాని పనిని, అనగా దూరపు లెక్కను, మనకు వదిలివేసి, వదిలినట్లు చూపుతుంది. వెలుతురు విషయంలో తప్పు జరిగితే దానిది, దూరం విషయంలో జరిగితే మనది. యాభై ఏండ్లుగా ఆ ఫొటో చూస్తున్నాను. దానిలో ఎవరు ఏమి చేశారో ఇప్పటికీ స్పష్టంగా చెప్పగలను. ముఖం స్పష్టంగా లేకపోయినా.

తరువాత వచ్చిన కెమేరాలు ఆ దూరపు లెక్కను కూడా తమమీద వేసుకున్నాయి. 1977లో కొనికా వారి సీ35 ఏఎఫ్ వచ్చింది. దూరాన్ని తానే చూసుకొనే కెమేరాలలో విరివిగా తయారైనది మొదట అదే. ఆపైన రీలు తానే చుట్టుకొనేవి, చీకటి పడితే అడగకుండానే ఫ్లాషు వెలిగించేవి వచ్చాయి. వీటివల్ల ఎన్నో కోట్ల ఇండ్లలో ఫొటోలు బాగుపడ్డవి. అందులో సందేహం లేదు. మా నాన్నగారి చేతిలో 1976లో అటువంటిది ఉండి ఉంటే నాయనమ్మ కళ్ళు నాకు కనిపించి ఉండేవి. ఈ మాట దాచుకోవడం న్యాయం కాదు. అయితే అదే కెమేరా నడిమింట్లోనే ఫ్లాషు వెలిగించి, ఆమెను ఉలికిపడేటట్లు చేసి ఉండేది. పంచలోకి నడక ఉండేది కాదు.

ఇప్పుడు మా పిల్లవాని కాంటాక్స్ దగ్గరకు వద్దాం. అది మంచి కెమేరా కాదని నేననను. లెన్సు గొప్పదని తెలిసినవారే చెబుతారు. కాని దాని ప్రాణం అంతా విద్యుత్తులో ఉన్నది. సన్నని పట్టీలమీద అచ్చువేసిన తీగలు, చిన్నచిన్న మోటార్లు, కన్నుకానరాని వలయాలు. వీటిలో ఒకటి పోతే అది ఎర్రని నాలుక చూపదు. మౌనంగా ఉండిపోతుంది. దానిని చేసిన క్యోసెరా సంస్థ 2005లోనే కెమేరాల పని చాలించుకుంటున్నట్లు ప్రకటించింది. విడిభాగాలకు మరొక చచ్చిన కెమేరాను వెదకవలసిందే. 1997లో ఒలింపస్ వారే తెచ్చిన మ్యూ 2, సబ్బుబిళ్ళవలె నున్నగా, వానచినుకులకు వెరవకుండా ఉండే ముచ్చటైన కెమేరా, దానిదీ ఇదే గతి. పుట్టినప్పుడు ఇవి నమ్మకస్థులే. ముప్పై ఏండ్ల తరువాత, ఆనాటి ధరకు మించిన ధర పెట్టి కొనేటప్పుడు, ఆనాటి నమ్మకం కూడా వస్తుందనుకోవడం పొరపాటు.

పాత యంత్రాలలో కూడా అన్నీ ఒకటి కావు. హైంజ్ వాస్కే రూపొందించిన రోలై 35 అని 1966లో జర్మనీనుంచి వచ్చిన బుల్లి కెమేరా ఉన్నది. లెన్సును లోపలికి ముడిస్తే గుప్పిట్లో పట్టేది. దానిలో వెలుతురు కొలిచే ముల్లుకు పాదరసపు బ్యాటరీ కావాలి. పాదరసం విషమని ప్రభుత్వాలు ఆ బ్యాటరీలను నిషేధించాయి, మంచిపనే చేశాయి. ఆ వోల్టేజి 1.35. నేడు అదే కొలతలో దొరికేవి ఎక్కువగా 1.5 వోల్టులవి. ముల్లు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. కాని షట్టరు గడియారపు పనితనం. బ్యాటరీ ఉన్నా లేకపోయినా కొట్టుకుంటూనే ఉంటుంది. వెలుతురును కంటితో అంచనా వేయగలవానికి కెమేరా బ్రతికే ఉన్నట్లు. ఒక అవయవం పోతే తక్కినవి పనిచేసే గుణం పాత యంత్రాలలో ఉన్నది.

ట్రిప్ మాత్రం అమరమా? కాదు. దాని వెనుక తలుపు అంచులలో వెలుతురు చొరకుండా పెట్టిన నురుగుపట్టీలు ఏండ్లు గడిచేకొద్దీ కరిగి, జిల్లేడుపాలవలె జిగురుజిగురుగా అవుతాయి. నేను రెండుసార్లు గీకి కొత్తవి అంటించాను. సెలీనియం పలక ఎక్కువకాలం వెలుతురులో పడి ఉన్నా, తేమ తగిలినా శక్తి తగ్గుతుందంటారు. కనుక మూత పెట్టి ఉంచాలి. కాని మన కోస్తాజిల్లాల గాలిలో కెమేరాను చీకటిలో మూసి ఉంచితే లెన్సుకు బూజు పడుతుంది. లెన్సుకు చీకటి గిట్టదు, పలకకు వెలుతురు గిట్టదు. అత్తాకోడళ్ళిద్దరినీ ఒకే వంటింట్లో మెప్పించే నేర్పు కావాలి దీనికి. పాత కెమేరా కొనేవారు చేయవలసిన పరీక్ష చాలా సులభం. వలయాన్ని ఏ అన్న అక్షరం దగ్గర ఉంచి, అరచేతితో లెన్సునూ దాని చుట్టూ ఉన్న బుడిపెలనూ మూసి మీట నొక్కాలి. ఎర్రనాలుక లేచి మీట బిగియాలి. చేయి తీసి వెలుతురువైపు త్రిప్పి నొక్కితే షట్టరు పడాలి. రెండూ జరిగితే పలక బ్రతికి ఉన్నట్లే. ఎండలో కూడా నాలుక లేస్తున్నదంటే, అమ్మేవాడు ఎంత తీయగా మాట్లాడినా లేచి రావడమే.

ఇక ఆకర్షణ సంగతి. ఫిల్ముమీద తీసిన బొమ్మలో ఏదో ఆత్మ ఉన్నదనీ, దాని రేణువులలో జీవం ఉన్నదనీ వ్రాసేవారిని చూస్తున్నాను. నాకు ఆ మాటమీద గురి లేదు. మా పిల్లవాని ఫోను చీకట్లో తీసిన ఫొటో, ట్రిప్ పట్టపగలు తీసిన దానికంటె స్పష్టంగా ఉంటుంది. గతంమీది మోజు అందామా, వాడు పుట్టేనాటికే ట్రిప్ తయారీ ఆగి ఇరవై ఏండ్లయింది. లేని జ్ఞాపకానికి మోజు ఎక్కడిది? మరి యువకులు ఎందుకు వెళుతున్నారు? అడిగాను. వాడు కొంచెం ఆలోచించి, "ఫోనులో పదివేల ఫొటోలు ఉన్నాయి మాస్టారూ. ఏ ఒక్కటీ నేను తీసినట్లు అనిపించదు" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకున్నది. ఫోను ఎన్నడూ కాదనదు. చీకటైతే తానే వెలుతురు కల్పించుకుంటుంది. చేయి వణికితే సవరిస్తుంది. ఎన్నో బొమ్మలు క్షణంలో తీసి, కలిపి, నచ్చినది మనకు చూపుతుంది. అందులో మన పాలు ఎంత, దాని పాలు ఎంత అని విడదీయడం దానిని చేసిన ఇంజనీర్లకు తప్ప ఎవరికీ సాధ్యం కాదు. తప్పులు లేవు కనుక తప్పు ఎవరిదన్న ప్రశ్న లేదు. అట్లాగే ఒప్పు ఎవరిదన్నది కూడా తెలియదు. పాఠశాలలో దీనికి పోలిక ఒకటి నాకు తెలుసు. పిల్లవానికి లెక్క మొత్తం మనమే చేసిపెట్టి, చివర జవాబు క్రింద వాని పేరు వ్రాయిస్తే వాడు సంతోషించడు. జవాబు సరియైనదే. వానిది కాదు.

కెమేరాలు చేసేవారికి కూడా ఈ సంగతి తోచినట్లున్నది. 2024లో పెంటాక్స్ పేరుతో రికో సంస్థ కొత్తగా ఒక ఫిల్ము కెమేరా తయారుచేసి విడుదల చేసింది. పేరు పెంటాక్స్ 17. మైతానీ పెన్‌వలెనే రీలును సగం సగం చేసి 72 బొమ్మలు తీసేది. వారు తలచుకుంటే దానిలో ఏ యంత్రాంగమైనా పెట్టగలరు. పెట్టలేదు. రీలు చేతితో మీట లాగి చుట్టవలసిందే. దూరానికి వలయంమీద మళ్ళీ ఆ చిన్నచిన్న బొమ్మలే. వెలుతురు లెక్క మాత్రం యంత్రానిది. అరువది ఏండ్ల క్రిందటి ఆ పంపకాన్నే మళ్ళీ ఎన్నుకున్నారు.

ఒక్క చిక్కు మిగిలి ఉన్నది. కెమేరా ఎంత నమ్మదగినదైనా రీలు లేనిదే అది కాగితాలమీద పెట్టుకొనే బరువు. రీళ్ళు చేసేవారిమీద మనకు ఏ పట్టూ లేదు. ఊటీలో 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం మూతబడింది. కొడాక్ వారు కొడాక్రోమ్ అనే ఫిల్మును 2009లో ఆపివేశారు. 2012లో ఆ సంస్థే దివాలా రక్షణ కోరవలసివచ్చింది. ఆ యేటనే ఆపిన ఎక్టాక్రోమ్‌ను మళ్ళీ 2018లో తెచ్చారు గనుక ఆశ వదులుకోనక్కరలేదు. కాని నేడు ఒక రంగుల రీలు కొని కడిగించడానికి వెయ్యి రూపాయలు దాటుతున్నది. మా జిల్లాలో నాకు తెలిసిన స్టూడియోలలో రీలు కడిగేవారు లేరు. పార్సిలు కట్టి నగరానికి పంపవలె. ప్రతి విద్యార్థీ ఒక పాత కెమేరా కొనాలని నేను చెప్పబోవడం లేదు. ఒక పాఠశాలకు ఒకటి, ఏడాదికి ఒక రీలు, తరగతిలో ఒక్కొక్కరికి ఒకే ఒక్క ఫొటో. ఇంతైతే ప్రధానోపాధ్యాయులు తలచుకుంటే కాని పని కాదు. ఎవరి ఫొటో ఎందుకు చెడిందో, ఎందుకు కుదిరిందో వారే చెప్పగలిగే పాఠం అది. ప్రయోగశాలకు మనం పెడుతున్న ఖర్చుల్లో ఇంతకంటె వ్యర్థమైనవి నేను చూశాను, సంతకాలు కూడా పెట్టాను.

మా పిల్లవాడు కాంటాక్స్ కొనలేదు. కొనవద్దని నేను చెప్పలేదు కూడా. చూసే అద్దానికి కన్ను ఆనించి, అరచేతితో లెన్సు మూసి, ఎర్రనాలుక లేవడం చూసి చిన్నపిల్లవానివలె నవ్వాడు. నాలుగుసార్లు అట్లా చేశాడు. "ఒక నెల ఉంచుకోనా మాస్టారూ?" అన్నాడు. నా బీరువాలో అది ఊరకే ఉన్నది. ఇచ్చాను. రీలు వాడే తెప్పించుకున్నాడు.

మొన్న ఫోను చేశాడు. ఇరవైరెండు బొమ్మలు అయినవట. హాస్టలు గదిలో స్నేహితుని ఫొటో తీయబోతే ఎర్రనాలుక లేచిందట. ట్యూబులైటు వేసినా ఒప్పుకోలేదట. ఆ స్నేహితుడు పరీక్ష పోయి రెండు రోజులుగా గదిలోనుంచి బయటికి రావడం లేదని మాటలమధ్య చెప్పాడు. "మరి ఏమి చేశావు?" అన్నాను. "మేడమీదికి తీసుకువెళ్ళాను మాస్టారూ" అన్నాడు. వలయం ఏ బొమ్మమీద పెట్టావని అడగబోయి మానివేశాను. రీలు కడిగి వచ్చినప్పుడు వానికే తెలుస్తుంది.